పూలపేర్ల నకలు

"చేచీ, ఇవాళ శోశమ్మ సిస్టర్ నన్ను మల్లే అని పిలిచింది."

రీతమ్మ అప్పటికి కర్రపెండలం దుంప సగం చెక్కింది. ఫోన్లో బిన్సీ అన్న ఆ మాట విని కత్తి బల్ల మీద పెట్టింది, దుంప కూడా పెట్టింది. చేతిలో ఫోన్ ఒక్కటే మిగిలింది. అదీ జారిపోయేలా ఉంది.

"ఎక్కడే? సరిగ్గా ఏమంది?"

"పొద్దున డ్యూటీ మారేటప్పుడు. నైట్ రిపోర్టు ఇచ్చేసి వెళ్ళిపోతున్నా. వెనక నుంచి 'మల్లే, ఆ చార్టు ఇలా ఇచ్చి వెళ్ళు' అంది. కోపంగా కూడా కాదు చేచీ, నవ్వుతూ."

"వెనక్కి తిరిగావా?"

"లేదు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. ఆవిడే వచ్చి చార్టు తీసుకుని పోయింది. వెంటనే నీకు చెబుదామంటే ఫోన్ ఏదీ? డ్యూటీలో ఎవరి దగ్గరా ఫోన్ ఉండకూడదట, కొత్త రూలు. వచ్చీ రాగానే ఆవిడ బల్ల మీద స్టీలు ట్రేలో పడేసి, వెళ్ళేటప్పుడు తీసుకోవాలి. ఇప్పుడే తీసుకుని బస్టాపుకొచ్చా." బిన్సీ గొంతు సన్నబడింది. "చేచీ, ఆ పేరు నీకూ నాకూ తప్ప నరమానవుడికి తెలీదన్నావుగా?"

అన్న మాట నిజమే. ఒకసారి కాదు, వందసార్లు అన్నది.

రీతమ్మ ఆ కొండ మీది ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళకి పైగా నర్సుగా చేసింది. రోగుల్ని లేపీ లేపీ నడుం పోయాక, ఒక శాలువా కప్పి ఇంటికి పంపేశారు. నడుముకి శాలువా ఏం పనిచేస్తుంది? ఇంట్లో కూర్చుని ఉడికిపోతూ ఆవిడ ఒక వెబ్‌సైటు పెట్టింది. పేరు 'తెల్ల గౌను'. చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులు పడే పాట్లు, రోగులకి జరిగే అన్యాయాలు అందులో రాస్తారు. సైటు రీతమ్మదని అందరికీ తెలుసు, రాసిన పిల్లల పేర్లు మాత్రం కనిపించవు. ఒక్కొక్కరికీ ఒక్కో పువ్వు పేరు. సంపెంగ, మందారం, కొన్నపువ్వు, మల్లె. దారిన పోయేవాళ్ళు అబద్ధాలు రాసి పోకుండా, చేరేటప్పుడు మాత్రం అసలు పేరూ, ఆసుపత్రీ, ఫోన్ నంబరూ రాయాలి. రీతమ్మ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడి, నమ్మకం కుదిరాకే పువ్వు పేరు పెడుతుంది. ఆ అసలు పేర్లు సైటు కడుపులో, ఆవిడ తాళం కింద ఉంటాయి. "నీ పేరు నాతోనే మట్టిలోకి పోతుంది, పో" అనేది, తనని అక్కా అన్నట్టు చేచీ అని పిలిచే ప్రతి పిల్లతోనూ.

ఈ వానలు మొదలైనప్పుడు మల్లె ఒక సంగతి రాసింది. పిల్లల వార్డులో తేదీ దాటిన సెలైను సీసాలకి పాత చీటీలు చింపి కొత్తవి అంటిస్తున్నారని. దాన్ని పత్రికలవాళ్ళు అందుకున్నారు. పైనుంచి విచారణకి వస్తారన్న కబురొచ్చింది. అప్పట్నుంచీ నర్సింగ్ సూపరింటెండెంట్ శోశమ్మ, మల్లె ఎవరా అని వెతుకుతోంది. ఈ శోశమ్మా రీతమ్మా ఒకప్పుడు హాస్టల్లో ఒకే గది, ఒకే దువ్వెన. శోశమ్మ పట్టు పట్టిందంటే ఎలా ఉంటుందో రీతమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఆసుపత్రిలో చేరిన ప్రతి నర్సూ తన అసలు సర్టిఫికెట్లు తెచ్చి ఇవ్వాలి. అవి శోశమ్మ బీరువాలో ఉంటాయి. మంచి మాటతో వెళ్ళినవాళ్ళకి తిరిగి వస్తాయి. గొడవపడి వెళ్ళినవాళ్ళకి 'వెతుకుతున్నాం, కనపడట్లేదు' అన్న జవాబే వస్తుంది. బిన్సీకి కువైట్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితాలు లేకపోతే కువైటూ లేదు, వాళ్ళమ్మకి మందులూ లేవు. మల్లె ఎవరో తెలిసిందంటే ఆ పిల్ల బతుకు శోశమ్మ బీరువాలోనే కుళ్ళిపోతుంది.

"ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉంది చేచీ. నీ దగ్గరికి వచ్చేస్తా" అంది బిన్సీ.

"ఇంటికొద్దు. టౌన్లో జోమోన్ ఫోటోస్టాట్ షాపు తెలుసుగా? అక్కడికి రా. నేనూ బయల్దేరుతున్నా."

షాపు పేరు నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఫోన్ పెట్టాక అర్థమైంది.

బ్యాకప్.

కిందటి నెల చర్చి పాటల మాస్టారి సైటు ఒక్కపూటలో మాయమైంది. దాన్ని ఉంచిన కంపెనీని ఎత్తేశారట. ఎన్నో ఏళ్ళుగా పోగేసిన పాటలన్నీ గాల్లో కలిసిపోతే, ఆ పెద్దాయన చర్చి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది చూసొచ్చిన నాటి నుంచి రీతమ్మకి తన సైటు గురించి బెంగ పట్టుకుంది. అన్నం తింటున్నా అదే మాట.

"ఎడీ, ఈ వానకి పాలలో నీళ్ళు పడకుండా నేను రబ్బరు చెట్లకి ప్లాస్టిక్ గౌను కడుతున్నా కదా, ఒకటి మిగిలింది. నీ తెల్ల గౌనుకి కట్టుకో" అన్నాడు మొగుడు కురియాచ్చన్, చేపముక్క ముల్లు తీస్తూ.

"నవ్వండి ఇచ్చాయా, నవ్వండి. అది పోతే అందులో ఉన్న ఆడపిల్లల ఏడుపంతా పోతుంది."

"ఏడుపు పోతే మంచిదేగా?"

ఆయనకి చెప్పి లాభం లేదని, జోమోన్‌కి ఫోన్ చేసి అడిగింది. జోమోన్ కురియాచ్చన్ చిన్నాన్న కొడుకు, వదిన అన్నట్టు ఆవిడని చేటత్తీ అంటాడు. సైటు పెట్టిచ్చినవాడు కూడా అతనే. అతను చెప్పినట్టే లోపలికి వెళ్ళి మీట నొక్కింది. సైటు మొత్తం, రాతలూ ఫోటోలూ తాళం కింది పేర్లూ అన్నీ కలిసి ఒకే మూటగా తయారైంది. మూట సైటు వాకిట్లోనే పడి ఉంటుంది. దాన్ని ఇంటికి దింపుకోవాలి. రీతమ్మ దింపబోయింది. సగం దిగేసరికి ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. మర్నాడు మళ్ళీ మొదలుపెడితే, ట్రాన్స్‌ఫార్మర్ పేలి ఊరంతా చీకటైంది. విసిగిపోయి జోమోన్‌తో, "మా ఇంట్లో అయ్యే పని కాదురా, నువ్వే దింపి పెట్టు" అని మూట ఉన్న చిరునామా పంపించింది. అతను షాపులో దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. దాన్ని పట్టుగుడ్డలో చుట్టి గోడ మీది యేసు తిరుహృదయం పటం వెనక దాచింది.

"వాకిట్లో ఉన్న మూట తీసెయ్యి చేటత్తీ, మర్చిపోకు" అన్నాడు జోమోన్ ఆ రోజు.

రీతమ్మ మర్చిపోలేదు. కావాలనే ఉంచింది. ఒకటి ఇంట్లో ఉంటే, ఒకటి అక్కడా ఉండనీ, రెండుంటే రెండింతలు ధైర్యం అనుకుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పక్కన ఎప్పుడూ ఇంకో సిలిండరు పెట్టించిన మనిషి. సిలిండరు పక్కన సిలిండరు ఉంటే ఎవడికి నష్టం?

ఇప్పుడు గొడుగు కూడా తీసుకోకుండా బస్సెక్కింది. కిటికీ పరదాలు దించేసి ఉన్నాయి, లోపల తడి బట్టల వాసన. మూట ఒకటి తన ఇంట్లో ఉంది. తన పటం వెనక నుంచి ఎవరూ తియ్యలేదు. మరి దాన్ని ఇంకెవరు ముట్టుకున్నారు? జోమోన్. ఆ కొండాసుపత్రి ఓపీ చీటీలు, బిల్లు పుస్తకాలు ఎక్కడ అచ్చవుతాయి? జోమోన్ షాపులో. శోశమ్మ నవ్వుతూ ఒక మాట అడిగి ఉంటుంది. వీడు నవ్వుతూ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి ఉంటాడు. ఆలోచన మొదలయ్యాక ఆగలేదు. పెళ్ళైన కొత్తలో తను వడ్డిస్తే తిన్న కుర్రాడు, తన చేత ఇంజెక్షన్ చేయించుకోవడానికి ఏడ్చి నాలుగిళ్ళు దాటి పారిపోయిన కుర్రాడు, వాడే అమ్మేశాడు. టౌను వచ్చేసరికి ఆవిడ మనసులో జోమోన్‌కి శిక్ష కూడా పడిపోయింది.

షాపులోకి అడుగుపెడుతూనే, "ఎంతకి ఇచ్చావురా?" అంది.

జోమోన్ ఎవరిదో ఆధార్ కార్డు మిషన్ మీద బోర్లా పెడుతున్నాడు. "ఏంటి చేటత్తీ? కాపీ రెండు రూపాయలు. నీకైతే ఊరికే."

"నా పిల్లల పేర్లు. శోశమ్మకి ఎంతకి ఇచ్చావని అడుగుతున్నా."

అతని ముఖం చూస్తే అడగకుండా ఉండాల్సిందని తెలిసింది. కార్డు మనిషిని పంపేసి, స్టూలు ముందుకి లాగాడు. "కూర్చో. ముందు తల తుడుచుకో. నేను ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే మా అమ్మ సమాధి మీద గడ్డి మొలవకూడదు. ఏం జరిగిందో చెప్పు."

చెప్పింది. అతను కంప్యూటర్ ముందు కూర్చుని, ఆవిడ దగ్గర తాళం మాట అడిగి సైటు తెరిచాడు. కాసేపు మీటలు నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"చేటత్తీ, మూట ఇంకా వాకిట్లోనే ఉందేంటి?"

"ఉండనీ అని..."

"ఉండనీ అనా! దీనికి తలుపు లేదు, తాళం లేదు. చిరునామా తెలిస్తే ఎవడైనా పట్టుకుపోవచ్చు. చిరునామా కూడా ఏముంది, సైటు పేరు పక్కన బ్యాకప్ అని కొట్టి చూసేవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఇంటికి తాళం వేసి, చెవి గుమ్మానికే వేలాడదీసి వచ్చావు."

రీతమ్మ తెర వైపు వంగింది. "ఎవరైనా పట్టుకుపోయారా?"

"ఎవరు దింపుకున్నా సైటు గుర్తు పెట్టుకుంటుంది. ఉండు." తెర మీద వరసలు వరసలుగా అంకెలు దిగాయి. అతని వేలు ఒకచోట ఆగింది, మరోచోట ఆగింది. "ఇది నేను, మా షాపు నంబరు. కానీ నాకంటే ముందు ఇంకో ఇద్దరున్నారు. ఈ నంబర్లు ఎవరివో నాకు తెలీదు. రెండూ వేరువేరు."

"ఈశోయే!" అని యేసుని తలుచుకుంది రీతమ్మ.

జోమోన్ ముందు ఆ మూట చెరిపేశాడు. "తీసేశా. కంగారు పడకు, ఆగు, ఇంకా వివరంగా చూడనీ. ఇందులో ఏదో..." అంటుండగా రేషన్ కార్డు కాపీకని ఇద్దరు లోపలికి వచ్చారు. లైటు ఒకసారి ఆరి వెలిగింది, కంప్యూటరు చచ్చి మళ్ళీ మొదట్నుంచి లేవసాగింది.

రీతమ్మకి ఆగే ఓపిక ఎక్కడిది? తీసేస్తే ఏం లాభం? ఇద్దరి దగ్గర ఉంది. అందులో ఒక్క మల్లె పేరేనా, తోటంతా ఉంది. ఇవాళ బిన్సీని పిలిచింది, మధ్యాహ్నానికి సంపెంగని పిలుస్తుంది, సాయంత్రానికి మందారాన్ని. వాళ్ళకేమీ తెలియదు. పిలవగానే చటుక్కున తిరిగి చూస్తారు పిచ్చిపిల్లలు. వాళ్ళకి ముందే చెప్పాలి. ఎవరు ఏ పేరుతో పిలిచినా పలకొద్దని చెప్పాలి. అమ్మనీ అయ్యనీ కూడా నమ్మొద్దని చెప్పాలి. నా వల్లే ఇదంతా అని కూడా చెప్పాలి. తిడితే తిట్టనీ.

షాపు వసారాలోకి వచ్చి, కొండాసుపత్రి పిల్లల్లో ముందు సంపెంగకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మందారానికి చేసింది. ఎత్తలేదు. కొన్నపువ్వు ఎత్తలేదు. మెట్ల పక్క నుంచి వాన నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. ఒక్కరూ ఎందుకు ఎత్తరు? పొద్దున్నే చేస్తే 'చేచీ, తిన్నావా' అని మొదలుపెట్టే పిల్లలు! అందర్నీ అప్పుడే పట్టుకుని ఉంటారు. శోశమ్మ గదిలో గోడవారన నిలబెట్టి ఉంటారు. బల్ల మీద వాళ్ళ సర్టిఫికెట్లు పరిచి ఉంటాయి. ఆ గది రీతమ్మకి బాగా తెలుసు, అందులో గోడ గడియారం చప్పుడు కూడా ఆవిడ చెవిలో వినిపించింది. మళ్ళీ సంపెంగ. మళ్ళీ మందారం. గన్నేరు, పారిజాతం, శంఖుపువ్వు. ఒక్కొక్కరికీ రెండోసారి చేసింది. కొందరికి మూడోసారీ చేసింది. తొందరలో ఒకసారి చర్చి ఫాదరుకి కూడా ఫోన్ వెళ్ళిపోయింది. ఆయన 'హలో' అంటే చెప్పాపెట్టకుండా పెట్టేసింది. ఇంత భయం ఆవిడకి ఆపరేషన్ థియేటర్లో కరెంటు పోయినప్పుడు కూడా వెయ్యలేదు.

"చేటత్తీ!" జోమోన్ వసారాలోకి పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "నువ్వు ఇంటి దగ్గర దింపడానికి చూశావా?"

"చూశాను. రెండుసార్లు. కరెంటు పోయింది."

"ఆ మాట నాకు చెప్పాలా వద్దా? ఆ ఇద్దరూ నువ్వే!"

"నేనేంట్రా?"

"మీ ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్టు నంబరు మారిపోతుంది. అందుకే రెండూ వేరువేరుగా కనిపించాయి. రెండుసార్లూ మూట సగమే దిగింది. రెండోసారి మన ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజే, సరిగ్గా ఆ గంటే. దొంగ ఎవరా అని చూస్తే అద్దంలో నువ్వే ఉన్నావు. మూటని నువ్వూ నేనూ తప్ప ఎవరూ ముట్టుకోలేదు చేటత్తీ. పేర్లు బయటికి పోలేదు. ఎవరికీ తెలీదు!"

రీతమ్మకి ఆ మాటలు ఒక్కొక్కటే లోపలికి దిగాయి. పోలేదు. ఎవరికీ తెలీదు. మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నడుం నొప్పి పుట్టినా నవ్వింది. "అమ్మ శోశమ్మా, అయితే ఊరికే బెదిరించిందన్నమాట! చీకట్లో రాయి విసిరింది! నేను నీకు ఉరిశిక్ష వేసేశాన్రా బస్సులో."

"సాయంత్రం చేపలకూర తెచ్చి రద్దు చేసుకో" అన్నాడు జోమోన్.

అప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. సంపెంగ నంబరు. హమ్మయ్య, పిల్ల చూసుకుంది, భయపడి ఉంటుంది, ముందు ఏం లేదని చెప్పేయాలి అనుకుని గబుక్కున ఎత్తింది.

"అమ్మా తల్లీ, ఏం లేదే, ఊరికే చేశాను. ఏం కంగారు పడకు."

"నాకేం కంగారే రీతే" అంది శోశమ్మ.

రీతమ్మ ఫోన్ చెవి నుంచి తీసి నంబరు మళ్ళీ చూసింది, సంపెంగదే.

"నడుం ఎలా ఉంది? వానాకాలం కదా, లాగేస్తూ ఉంటుంది. వేణ్ణీళ్ళ కాపడం పెట్టించుకో." శోశమ్మ గొంతులో తొందరేమీ లేదు. "నిన్నట్నుంచీ ఎదురుపడిన ప్రతి పిల్లనీ మల్లే అనే పిలుస్తున్నా తెలుసా? ఆయాని కూడా పిలిచా. ఒక్కతీ పలకలేదు. బాగా నేర్పావు, నీ చెయ్యి పడితే అంతే. ఇంక వదిలేద్దాం, ఇది నా వల్ల కాదు అనుకుని కూర్చున్నా. కూర్చున్నానా, నా బల్ల మీద ట్రే గిలగిలలాడింది. ఒకటి ఆగితే ఇంకొకటి. అది ఆగితే మళ్ళీ మొదటిది. అన్నిటి మీదా ఒకటే పేరు. రీత చేచి, రీత చేచి, రీత చేచి. నాకు నవ్వాగలేదు."

ట్రే. పొద్దున్న కర్రపెండలం చెక్కుతూ విన్నమాట. రీతమ్మకి అప్పుడు గుర్తొచ్చింది.

"మోగినవన్నీ ఒక పక్కకి తీసి పెట్టా. చాలా మందే ఉన్నారే! ఇందులో అందరూ మంచి పిల్లలే, నాకూ తెలుసు. అందరి కాగితాలూ పాడుచెయ్యడం నాకూ ఇష్టం లేదు. వీళ్ళలో మల్లె ఎవరు? ఒక్క పేరు చెప్పు. మిగతావాళ్ళ ఫోన్లు వాళ్ళకిచ్చి, ఏమీ చూడనట్టే ఉంటా. మనం ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నవాళ్ళం, నీకు మాటిస్తున్నా."

వీళ్ళలో లేదు. మల్లె ఫోన్ ట్రేలో లేదు. రాత్రి డ్యూటీ దిగి, ఫోన్ తీసుకుని, బస్సెక్కి పోయింది. ఆ తోటలో శోశమ్మ చేతికి దొరకని పువ్వు అదొక్కటే. ఆ సంగతి శోశమ్మకి తెలియదు. రీతమ్మ నోరు తెరిస్తే తెలుస్తుంది. తెరవకపోతే ట్రేలో ఉన్న పిల్లలందరి గతీ అంతే.

రోడ్డవతల బస్సు ఆగింది. బిన్సీ దిగింది. చేతిలోని సంచి తల మీద పెట్టుకుని, వాహనాల మధ్య నుంచి పరుగెత్తుకుంటూ వసారాలోకి వచ్చింది. జోమోన్ ఆ పిల్లని చూసి, అంతా సర్దుకుందన్నట్టు చెయ్యి ఊపాడు. అతనికి ఇంకా ఏమీ తెలియదు. బిన్సీ ముఖంలోకి నవ్వు వచ్చేసింది.

"చేచీ, ఎవ..."

రీతమ్మ అరచేత్తో ఆ పిల్ల నోరు మూసేసింది. గట్టిగా, పళ్ళు చేతికి గుచ్చుకునేంత గట్టిగా.

"ఎవరే పక్కన?" అంది శోశమ్మ.

"ఎవరూ లేరు. షాపులో జనం."

"సరే, నిదానంగా ఆలోచించుకో. సాయంత్రం డ్యూటీ దిగి వీళ్ళు ఫోన్ల కోసం వస్తారు. అప్పటిదాకా ఆగుతా. మల్లె పేరు చెబితే మిగతావాళ్ళు ఇళ్ళకి పోతారు. అంతే కదా, ఒక్క పేరు."

ఫోన్ గొంతు పెద్దది. వసారాలో ఉన్న ముగ్గురికీ ప్రతి మాటా వినిపించింది. బిన్సీ కళ్ళు రీతమ్మ కళ్ళనే చూస్తున్నాయి. మొదట ఏమీ అర్థం కాలేదు, తర్వాత మెల్లగా అర్థమైంది. ఆ పిల్ల వేడి ఊపిరి రీతమ్మ అరచేతికి ఆగి ఆగి తగిలింది. కువైటూ, వాళ్ళమ్మా, బీరువాలోని కాగితాలూ అన్నీ ఆ కళ్ళలోంచి పోవడం రీతమ్మ చూసింది. వద్దే అని తల అడ్డంగా ఊపింది, ఏడుస్తూ ఊపింది.

బిన్సీ తన నోటి మీది చేతిని రెండు చేతులతో పట్టుకుని పక్కకి తీసింది. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. రీతమ్మ ఇవ్వలేదు, చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. బిన్సీ ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, తనే తీసుకుంది.

"మల్లెని సిస్టర్, చెప్పండి" అంది.